మొన దగ్గర మోచెయ్యి

శక్తినగర్,
జూన్ 8, శనివారం.

పూజ్యురాలైన అక్క తిమ్మక్కకు తమ్ముడు ఈరేశ్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేనూ నీ మరదలు కావేరీ క్షేమం. నీ క్షేమం తెలుపగలవు. జ్వరం వచ్చి నీ చెవులు వినబడకుండా పోయి ఆరేళ్లు నిండాయి. ఫోనులో మాట్లాడుకునే వీలు పోయిందని మొదట్లో బాధపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. ఫోనులో నేను ఇంత క్రమంగా మాట్లాడి ఉండేవాణ్ణి కాను.

ప్రతి నెలా లాగే గోపీచంద్ గారి మెస్సు నుంచి మూడు వంపు కత్తులను ఈ ఉత్తరంతో పాటు చుట్టి, మీ ఊరి వాదిరాజ్ చేత పంపుతున్నాను. నీవు సాన పట్టిన తరువాత అతడే ఆ పై వారం సోమవారం డ్యూటీకి వచ్చేటప్పుడు తీసుకొస్తాడు.

ఒక విశేషం తెలియజేయాలి. నేనొక సాన పరికరం తెప్పించాను. ఇందులో కత్తిని చేత్తో పట్టుకునే పని లేదు. కత్తి వీపును ఒక బిగింపులో పెట్టి మరలు బిగిస్తారు. బిగింపు వెనుక ఒక నిలువు స్తంభం, స్తంభం మీద అన్ని వైపులా తిరిగే కీలు, ఆ కీలు నుంచి బయలుదేరే పొడవాటి కడ్డీ, ఆ కడ్డీకి తగిలించిన సానరాయి. కీలును ఎంత ఎత్తులో నిలిపితే రాయి అంత కోణంలో కత్తి పదునైన వాదర మీద వాలుతుంది. మనం రాయిని ముందుకూ వెనక్కూ ఆడించడమే. గరుకు రాయి నుంచి అద్దం లాంటి నున్నటి రాయి దాకా ఐదు రాళ్లు వచ్చాయి. వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్లుగా కొలతలతో పని చేస్తున్న నాకు, దీన్ని చూసినప్పుడు ఒక పెద్దమనిషిని చూసినంత గౌరవం కలిగింది. మనిషి చెయ్యి అలసిపోతుంది. కీలు అలసిపోదు.

దీన్ని కేవలం అధ్యయనం కోసమే కొన్నానని మనవి. నీ పనికి పోటీగా భావించవద్దు.

ఇట్లు,
నీ విధేయుడైన తమ్ముడు,
ఈరేశ్, బి.ఏ.


యరగేర,
జూన్ 16.

తమ్ముడు ఈరేశకు అక్క దీవెనలు.

నీ కాయిదం అందింది. పక్కింటి గౌరమ్మ చూసి సర్కారు నోటీసు వచ్చిందని గాబరా పడ్డది. కింద సంతకం కాడ బి.ఏ. చూసి, "నీ తమ్ముడే అక్కా, ఇంకెవరు" అని నవ్వింది. ఆమె పెదవులు కదిలితే నాకు మాట తెలుస్తది. అక్కకు రాసే కాయిదంల బి.ఏ. ఎందుకురా? నువ్వు దినమంత పని చేసి రాత్రి బడికి పోయి వచ్చినంక, తెల్లారి పాఠం అప్పజెప్పింది నాకే గద. సాన కాడ కూసొని నువ్వు గట్టిగ చదువుతుంటే, నేను రాయి మీద నీళ్లు చల్లుకుంట ఇన్న, నీ పుస్తకంల అక్షరాలు సూసిన. ఈ నాలుగు అక్షరాలు నాకు గట్లనే వచ్చినయి. అట్ల చూస్తే నీ బి.ఏ.ల సగం నాది. నేనెన్నడన్న రాసుకున్ననా?

నీ మిషన్ సంగతి చదివిన. కత్తిని కదలకుండ బిగించి నూరుతరా? గదేం నూరుడు, గొర్రెను కట్టేసి ఉన్ని తీసినట్ల. కత్తి చేతుల ఉంటే అది చెప్తది, ఇక్కడ మొద్దున్న, ఇక్కడ చాలు అని. కట్టేస్తే ఏం చెప్తది?

మూడు కత్తులు నూరి పెట్టిన. వాదిరాజ్ పోయిన మాటు తొందరల చెయ్యి చాపిండు, కత్తులు చేతికియ్యమని. "కత్తి చేతి నుంచి చేతికి ఇయ్యరాదు బిడ్డా, కింద పెడ్త, తీస్కో" అన్న. మీ బావ చెప్పేటోడు, ఇచ్చేటోని జోరు జబర్దస్తి ఉండొద్దంట, తీస్కునేటోని ఇష్టం ఉండాలెనంట. మీ బావ పోయి పదమూడేండ్లాయె, నేను ఒక్క కత్తి కూడ చేతికియ్యలే.

నా ఒళ్లు మంచిగనే ఉన్నది. చేతులు మంచిగున్నయి. అక్షరాలు వంకర వచ్చినయని పరేషాన్ కాకు, పెన్ను ఖరాబుంది.

కావేరిని అడిగిన అని చెప్పు.

నీ అక్క
తిమ్మక్క


శక్తినగర్,
జూన్ 29, శనివారం.

పూజ్యురాలైన అక్కకు,

నీ ఉత్తరమూ కత్తులూ అందాయి. బి.ఏ. విషయంలో నీవు చేసిన వ్యాఖ్యను గమనించాను. అది నా సంతకంలో భాగమైపోయింది, తీసివేయడం కష్టం.

ఈ ఉత్తరంలో రెండు సంగతులు వ్రాస్తాను. మొదటిది నాకు గౌరవం కలిగించినది, రెండవది అవమానం కలిగించినది.

పరికరంతో పాటు కోణాన్ని కొలిచే ఒక చిన్న సాధనం వచ్చింది. ఎండలో అద్దం పట్టుకుంటే గోడ మీద వెలుగు పడుతుంది కదా, అలాగే కత్తి వాదర మీద ఎర్రటి వెలుగు పడి, తిరిగి ఒక కొలబద్ద మీద పడుతుంది. అక్కడున్న అంకే ఆ వాదర కోణం. దీనితో ఏ కత్తిని కొలుద్దామా అని ఇల్లంతా చూశాను. బీరువా తెరిచాను. నేను బి.ఏ. పాసైనప్పుడు నీవు స్వయంగా సాన పట్టి పంపిన వంపు కత్తి, నా పట్టా పక్కనే, నీవు చుట్టిన గుడ్డలోనే ఉంది. పదకొండేళ్లుగా దానితో ఒక నిమ్మకాయ కూడా కోయలేదు. "వంటింటి కత్తిని ఎవరన్న బీరువాల పెడ్తరా? పూజ గదిల పెట్టి కుంకుమ కూడ పెట్టరాదూ" అని కావేరి ఏటా అంటూనే ఉంది.

పిడి దగ్గర కొలిచాను. పదిహేడు డిగ్రీలు. నడుమ వంపు మీద కొలిచాను. పదిహేడు. వంపు తిరిగి మొన వైపు లేచే చోట, ఎవరికైనా చెయ్యి తప్పే చోట కొలిచాను. పదిహేడు. సాధనంలో లోపం ఉందనుకుని బ్యాటరీ మార్చి మళ్లీ కొలిచాను. మూడు చోట్లా పదిహేడే.

అక్కా, మా వర్క్‌షాపులో ఇంత ఖచ్చితం కావాలంటే నలుగురు సంతకాలు పెట్టాలి. నీవు వాకిట్లో చింతచెట్టు నీడన కూర్చుని, ఒక చేత్తో కోడిని తోలుతూ, ఆ పని చేశావు. నాకు కలిగిన భావాన్ని వ్రాయడానికి సరియైన మాట కోసం వెతికాను. దొరకలేదు. దొరికినప్పుడు వ్రాస్తాను.

ఇక రెండవ సంగతి. గోపీచంద్ గారి దగ్గర ఉన్న నాలుగో కత్తిని అడిగి తెచ్చి, నా పరికరం మీద సాన పట్టాను. కత్తి పొడవును స్కేలుతో కొలిచి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, ఆ గుర్తు మీద బిగించాను. నియమం ప్రకారం చేశాను. పిడి దగ్గర పదిహేడు వచ్చింది, నడుమ పదిహేడు వచ్చింది, మొన దగ్గర పన్నెండు వచ్చింది. మొన మరీ పలుచబడింది. మరునాడు మెస్సులో గుమ్మడికాయ కోస్తుంటే ఆ మొన విరిగి కాయలోనే ఉండిపోయింది. గోపీచంద్ గారు కాయను రెండు చేతులా ఎత్తుకుని మా క్వార్టర్స్ దాకా వచ్చారు.

"ఏవండీ ఈరేశ్ గారూ, మీరు పదును పెట్టారా, పెన్సిలు చెక్కారా? ఇవాళ పులుసులో ముక్కలు పెట్టాలా, ఇనుము వెతకాలా?"

నేను క్షమాపణ చెప్పాను. కావేరి లోపలికి వెళ్లి నవ్వింది.

కీలు మారలేదు, ఎత్తు మారలేదు. వంపు దగ్గర కోణం ఎందుకు మారింది? నీకు ఎందుకు మారదు? మొన దగ్గర నీవు ఏమి చేస్తావు? దయచేసి వివరంగా వ్రాయగలవు.

ఇట్లు,
నీ విధేయుడైన తమ్ముడు,
ఈరేశ్, బి.ఏ.


యరగేర,
జులై 7.

ఈరేశా,

నీ కాయిదం మూడు మాట్లు చదివిన. గుమ్మడికాయ కాడ నవ్విన. తర్వాత నవ్వు రాలే.

పదకొండేండ్ల కిందటి కత్తి కొలిచి ఇంత పొడుగు రాసినవు. మరి మొన్న నెల నేను నూరి పంపిన మూడు కత్తులు ఏమాయె? చేతికి కొత్త కొలబద్ద వచ్చింది, ఇల్లంత కత్తుల కోసం ఎతికినవు, ఎదురుంగ ఉన్న మూడు కత్తులు కొలవలేదా? నిన్ను పెంచింది నేను. నువ్వు కొలిచినవు. కొలిచి రాయలే.

సరే, నేనే చెప్త. ఉగాదప్పటి సంది కుడి చెయ్యి వణుకుతున్నది. చాయ గ్లాసు పట్టుకుంటే చాయ చీరె మీద ఉంటది. డాక్టరుకు చూపిచ్చిన, గోళీలిచ్చిండు, పానానికి భయం లేదన్నడు, వణుకు మాత్రం పూర్తిగ పోదన్నడు. మణికట్టుకు గుడ్డ బిగించి కట్టుకొని నూరిన. కొడవండ్లయితే ఎట్లనో అయితయి. మీ గోపీచంద్ వంపు కత్తుల కాడ చెయ్యి ఆగదు. పెన్ను మంచిదే. ఖరాబైంది చెయ్యి.

ఊర్ల ఎవరికీ చెప్పలే. కోతకు మిషన్లొచ్చినంక కొడవండ్లు తక్కువైనయి. వంటింటి కత్తులు, పండ్లు అమ్మేటోళ్ల కత్తులే ఇప్పుడు నా పని. రామాబాయి పనసపండు కోసే కత్తి తెస్తే, రాయి అరిగింది, వచ్చే వారం రా అన్న. నాలుగు వారాల సంది ఆ మాటే చెప్తున్న. యరగేరల తిమ్మక్క ఎవరంటే, సాన తిమ్మక్క అంటరు. సాన పోయినంక నన్ను ఏమని పిలుస్తరు రా? నాకు కూడు తక్కువ లేదు. నీ ఇంటికి వచ్చి ఉండమని రాయకు. రాస్తే జవాబియ్యను. పని లేని మనిషిని అయి కావేరి చేతి అన్నం తినలేను, ఆమె ఎంత మంచిదైన సరే.

నువ్వు అడిగింది చెప్త. మొన దగ్గర నేనేం చేస్తనో నాకు తెల్వకుండెను. నువ్వడిగినంక కత్తి లేకుండ, ఉత్త చెయ్యి రాయి మీద ఆడించి చూసిన. మొన దిక్కు వస్తుంటే నా మోచెయ్యి లేస్తది. కత్తి పిడి కూడ దానితోని లేస్తది. వంపు ఎంత తిరిగితే మోచెయ్యి అంత లేస్తది. నలభై ఏండ్ల సంది లేస్తున్నది, నేను సూడలే. నీ మిషన్‌కు మోచెయ్యి లేదు. దాని కీలు ఒక్క కాడనే కూసుంటది. అది లేవలేకపోతే కత్తిని జరుపు. నడుమ బిగించకు, మొన దిక్కుకు జరిపి బిగించు.

ఇంక మెస్సు కత్తులు నాకు పంపకు. ఆయన వంట ఖరాబు కావద్దు.

తిమ్మక్క


శక్తినగర్,
జులై 20, శనివారం.

అక్కా,

నీవు వ్రాసినది నిజం. కొలిచాను. ఆ మూడు కత్తులూ కొలిచాను. పిడి దగ్గర పదిహేడు, నడుమ పంతొమ్మిది, మొన దగ్గర ఇరవై మూడు. ఒక కత్తికి రెండు పక్కలా రెండు అంకెలు. అంతకు ముందు మే నెలలోనే గోపీచంద్ గారు నన్ను పక్కకు పిలిచి, "ఏమనుకోకండి, మీ అక్కగారికి ఒంట్లో ఎలా ఉందండీ? మొన వైపు టమాటా జారిపోతోంది. ఆవిడ చెయ్యి అలా పెట్టేది కాదే" అన్నారు. ఆయన కత్తి గురించి అడగలేదు, నీ గురించి అడిగారు. పరికరాన్ని అధ్యయనం కోసం కొన్నానని వ్రాసింది అబద్ధం. నీ కోసమే కొన్నాను. చెబితే కోపగించి వద్దంటావని, ముందు నేను నేర్చుకుని, అది మంచిదని రుజువు చేసి, తరువాత చెప్పాలనుకున్నాను. రుజువు గుమ్మడికాయలో విరిగింది.

నీవు చెప్పినట్లు చేశాను. మెస్సు నుంచి ఇంకో వంపు కత్తి తెచ్చి, దాని వాదర పొడవునా నల్ల స్కెచ్ పెన్నుతో రంగు పూశాను. రాయి ఎక్కడ తాకితే అక్కడ రంగు పోతుంది, తాకని చోట నలుపు మిగులుతుంది. కత్తిని మధ్యలో బిగించి మెల్లగా ఒక్కసారి రాయి ఆడించాను. మొన దగ్గర వాదర అంచున నలుపు అలాగే ఉంది, రాయి అంచును వదిలి దాని వెనుక భాగాన్ని తింటోంది. బిగింపును మొన వైపు ఒక వేలెడు జరిపాను. నలుపు తగ్గింది. ఇంకో అరవేలు జరిపాను. పిడి నుంచి మొన దాకా రంగు ఒకే వెడల్పున పోయింది. కొలిస్తే పదిహేడు, పదిహేడు, పదహారు.

అప్పుడు కాగితం తీసుకుని కత్తి వంపును గీసి, కీలు ఉన్న చోటు నుంచి గీతలు లాగి చూశాను. కీలు నుంచి వంపు అంతటా దూరం సమానంగా ఉంటే కోణం మారదు. అంటే కత్తి వంపుకు ఒక కేంద్రం ఉంటుంది, కీలు అక్కడ ఉండాలి. నేను స్కేలుతో కత్తి మధ్యభాగాన్ని వెతికాను. వెతకవలసింది వంపు కేంద్రాన్ని. కత్తులు నూరేవాళ్లు అందరూ ఇది గమనించి ఉండవచ్చు. నాకు మాత్రం దీన్ని చెప్పింది, ఏ పుస్తకమూ చదవకుండా, ఉత్త చేతిని రాయి మీద ఆడించి చూసిన మా అక్క.

కిందటి ఉత్తరంలో సరియైన మాట దొరకలేదని వ్రాశాను. ఇప్పటికీ దొరకలేదు. నేను నేర్చుకున్న మాటలన్నీ నీవు రాయి మీద నీళ్లు చల్లుతూ విన్నవే. నీకు తెలియని మాట నా దగ్గర ఏముంటుంది?

మా ఇంటికి వచ్చి ఉండమని నేను వ్రాయడం లేదు. గమనించగలవు. వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. పరికరం తెస్తాను. నేర్పడానికి కాదు. వాదించడానికి కూడా కాదు.

ఈరేశ్, బి.ఏ.


యరగేర,
ఆగస్టు 11.

తమ్ముడు ఈరేశకు,

నువ్వు వచ్చి పోయి పద్నాలుగు దినాలాయె. జవాబు రాలేదని చూస్తుంటవు.

ఆ దినం నువ్వు సంచి మోసుకొని వస్తుంటే దూరం నుంచే చూసిన. లోపలికి వచ్చి నా చేతుల పెడ్తవు, నేను వద్దంట, నువ్వు నీ నోటీసు బాసల ఉపన్యాసం ఇస్తవు, నాకు ఇనపడదు గనక నేను గెలుస్త అనుకున్న. నువ్వు గట్ల చెయ్యలే. మిషన్‌ను నా సానరాయి పక్కకు కింద పెట్టినవు. కత్తిని పెట్టినట్లనే పెట్టినవు. చాయ తాగినవు. పోయొస్త అని చెయ్యి ఊపి పోయినవు. మీ బావ ఉంటే నిన్ను మెచ్చుకునేటోడు. నేను మాత్రం నీ మీద మస్తు కోపం చేసిన. జోరు చేస్తే వద్దనొచ్చు. కింద పెట్టి పోతే ఎవరినని వద్దనాలె?

తొమ్మిది దినాలు ముట్టలే. గౌరమ్మ రోజూ వచ్చి సూసి పోయేది. "ఏందక్కా ఇది, కుట్టు మిషనా?" అని ఒక దినం, "కొబ్బరి తురిమేదా?" అని ఇంకో దినం. నా తమ్ముడు మరిచిపోయిండు అని చెప్పిన.

పదో దినం రామాబాయి వచ్చింది. ఈ సారి ఏం అడగలే. పనసపండు కత్తి తెచ్చి సానరాయి ముంగట కింద పెట్టింది. "రాయి అరిగింది గద అక్కా, కొత్త రాయి వచ్చినంకనే నూరు. నాకు తొందర లేదు. ఇంకొకరికి ఇయ్యను" అన్నది. పోయింది. ఆమెకు తెలుసురా. రాయి కాదని ఎప్పుడో తెలుసు. రెండు నెలల సంది మొద్దు కత్తితోని పండు కోసుకుంట తిరిగింది గని, వేరే కాడికి పోలే.

గప్పుడు తీసిన నీ మిషన్.

ముందు నా ఇంటి కత్తి మీద చూసిన. మరలు ఎడమ చేత్తో బిగించిన. కుడి చేత్తో కడ్డీ పట్టుకున్న. చెయ్యి వణుకుతనే ఉన్నది. రాయి మాత్రం వణకలే. నువ్వు రాసినప్పుడు నాకు సమజ్ కాలే, చూసినంక అయింది. కడ్డీ నా మణికట్టును పట్టుకొని, నువ్వు పో, నేనున్న అన్నట్ల నడిచింది. చిన్నప్పుడు పలక మీద నీ చెయ్యి పట్టి దిద్దిచ్చేటోళ్లు సూడు, గట్ల.

గొర్రెను కట్టేసినట్ల అని రాసిన గద, ఆ మాట వాపస్ తీస్కుంటున్న. కట్టేసినా కత్తి చెప్తది. చెవి లేకున్న నాకు ఇనపడ్డది. రాయి వాదరకు సక్కగ కూసుంటే కడ్డీల ఒక సన్నని గుంజుడు తెలుస్తది. తప్పితే ఉత్తగ జారుతది. నల్ల రంగు అక్కర లేదు. నువ్వు రంగు పూస్కో.

గోపీచంద్ మొన విరిగిన కత్తి నువ్వు సంచిల మరిచిపోయినవా, కావాలని పెట్టినవా? కావాలనే పెట్టినవు. విరిగిన కాడ గరుకు రాయి మీద అరగదీసి కొత్త మొన దింపిన. గది ముతక పని, వణికినా అయింది. తర్వాత మిషన్ మీద బిగించిన. ఎక్కడ బిగించాలెనని నీ తీరుగ గీతలు గీయలే. కండ్లు మూసుకొని మోచెయ్యి ఆడించిన. అది ఎక్కడి నుంచి తిరుగుతదో ఆ జాగ చూస్కొని బిగించిన. నీ లెక్క కంటే ఇంకో అరవేలు ముందుకు వచ్చింది. నీ పదహారు ఎందుకొచ్చిందో గిప్పుడు తెలిసిందా?

రామాబాయి కత్తి కూడ అయింది. కింద పెట్టిన. తీస్కొని, బొటనవేలి గోరు మీద ఆనించి చూసి, "కొత్త రాయి మంచిదున్నదక్కా" అని కన్ను కొట్టింది. ముసలిది.

గోపీచంద్ కత్తి ఈ కాయిదంల చుట్టి పంపుతున్న. నువ్వు కాయిదం చదవక ముందే కత్తి కొలుస్తవని నాకు తెలుసు. కొలువు. అంకె మాత్రం నాకు రాయకు. టమాట కోసినంక ఆయన ఏమన్నడో అది రాయి.

నీ అక్క
సాన తిమ్మక్క


శక్తినగర్,
ఆగస్టు 17, శనివారం.

అక్కా,

కొలవలేదు. ఉత్తరమే ముందు చదివాను. కొలిచే సాధనాన్ని బల్ల మీద పెట్టాను, కత్తిని దాని ముందు పెట్టాను. తరువాత కత్తిని మాత్రమే తీసుకుని మెస్సుకు వెళ్లాను.

గోపీచంద్ గారి చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకుని, బుట్టలో ఉన్న వాటిలో బాగా పండిన టమాటాను ఏరి, కత్తి మొనను దాని మీద ఆనించారు. నొక్కలేదు. కత్తి బరువుకే తొక్క విడిపోయింది. ఆయన వరుసగా నాలుగు టమాటాలు కోశారు. నీవు అడిగావు కనుక ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాస్తున్నాను: "ఆవిడకి నయమైందన్నమాట. ఉండండి, మిగతా మూడూ కడిగి ఇస్తాను." ఆ మూడూ ఈ ఉత్తరంతోనే ఉన్నాయి.

ఆయనకు పరికరం సంగతి చెప్పలేదు. నయమైందా అంటే, అయిందనే చెప్పాను. అది అబద్ధం అనిపించలేదు.

ఇంటికి వచ్చి బీరువా తెరిచాను. గుడ్డ విప్పి, నీ పదిహేడు డిగ్రీల కత్తిని తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. కావేరి చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది, దేవుడు గుడి ఇడిసి బయటికొచ్చిండా?"

"ఇవాళ్టి నుంచి దీనితోనే కొయ్యి" అన్నాను.

"పదకొండేండ్లు దాచినవు గద. గిప్పుడు కోస్తే మొద్దుబారుతది మరి."

"మొద్దుబారాలి" అన్నాను. "మొద్దుబారితేనే కదా యరగేరకు పంపేది."

ఆమె వంకాయలు తెచ్చి కోసింది. ఈ పూట కూర చాలా బాగుంది. వంకాయ ముక్కలన్నీ ఒకే మందాన ఉన్నాయి. ఇంకో ఆరు నెలల్లో ఆ కత్తి నీ వాకిటికి వస్తుంది. వాదిరాజ్ తెచ్చి కింద పెడతాడు.

నీ తమ్ముడు
ఈరేశ